పచ్చ ఫోటో, ఎర్ర ఫోటో

నల్గొండలో ఒక పశువైద్య కార్యాలయంలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాక నాకు అది రెండో ఎండాకాలం. రాష్ట్రం వచ్చి కొన్నేళ్లయింది. పల్లెల్లో కూడా అప్పటికే చాలామంది చేతుల్లోకి టచ్ ఫోన్లు వచ్చాయి. ఒకరోజు పొద్దున డాక్టర్ మేడం నా బల్ల దగ్గరికి వచ్చి, "గొర్రెలకు టీకాలు మొదలుపెడుతున్నాం. ఏ ఊళ్లో ఎప్పుడు, ఎక్కడ అనేది ఎక్సెల్‌లో కొట్టి గొర్రెల కాపరుల గ్రూపులో పెట్టెయ్" అన్నారు.

నేను రోజూ కొట్టే పట్టికల్లాంటిదే అది కూడా. అయినా ఈసారి ఒక్కో గడి రెండు మూడు సార్లు సరిచూసుకుంటూ కొట్టాను. ఎందుకంటే ఆ టీకా పారుడు రోగానికి.

మాది కల్వకుర్తి అవతల ఒక ఊరు. తాతల నాటి నుంచీ మా ఇంట్లో గొర్రెలే బతుకు. కొంచెం మెట్ట పొలం ఉన్నా వాన పడితేనే పంట. నేను ఇంటర్ చదివే రోజుల్లో మా మందలోకి పారుడు రోగం వచ్చింది. ముక్కులు కారుతూ, నోళ్లు పుండ్లు పడి, పారుకుంటూ గొర్రెలు నిలబడ్డచోటే కూలిపోయాయి. ఒక్కోదాన్ని అమ్మ దాని రంగుతో పిలిచేది, బొల్లిదానా, నల్లదానా అని. అవి తల ఎత్తేవి కావు. బాపు గోతులు తవ్వి పూడ్చి వచ్చి, చేతులు కడుక్కోకుండా అరుగు మీద అట్లాగే కూర్చునేవాడు. ఆయన్ను అన్నానికి పిలవడానికి కూడా మాకు నోరు వచ్చేది కాదు. రోగం వచ్చాక ఏ మందూ పెద్దగా పనిచేయదు. ముందే టీకా వేయించుకుంటే మాత్రం కొన్నేళ్లు భయం ఉండదు. ఆ సంగతి నాకు ఈ ఉద్యోగంలో చేరాకే బాగా తెలిసింది.

తర్వాత మిగిలిన గొర్రెలతో, కొన్న పిల్లలతో బాపు మంద మళ్లీ నిలబెట్టాడు. యాసంగి వరి కోతలు అయ్యేసరికి మా వైపు గడ్డిపరక ఉండదు. అప్పుడు ఆయన, పక్క ఊరి మందలవాళ్లు ఒకరిద్దరు కలిసి గొర్రెలను తోలుకుని హాలియా వైపు దిగుతారు. కాలువ కింద కోసిన మడుల్లో కొయ్యకాళ్లు మేపుకుంటూ, ఎరువు కోసం ఏ రైతు పిలిస్తే ఆ రైతు చేలో మంద పెడుతూ, తొలకరి దాకా అక్కడే తిరుగుతారు. అమ్మ పసిపిల్లలున్న తల్లి గొర్రెలను చూసుకుంటూ ఊళ్లోనే ఉంటుంది. ఆ ఎండాకాలం కూడా బాపు హాలియా వైపే ఉన్నాడు. నేను కొట్టిన పట్టికలో ఆయన మందకు దగ్గరైన ఊరు కూడా ఒకటి ఉంది.

పట్టిక గ్రూపులో పెట్టాను. ఊరూరా కాపరుల్లో పెద్దమనుషులు ఆ గ్రూపులో ఉన్నారు, వాళ్లు మిగతా వాళ్లకు పంపుకుంటారు. పని అయిపోయిందనుకుని ఇంకో కాగితం అందుకున్నాను.

మరునాడు పొద్దున బాపు ఫోన్ చేశాడు.

"బిడ్డా, మీ ఆఫీసోళ్లు ఏందో పంపిండ్రు. ఒత్తితే తెరుసుకుంటలేదు."

"గది టీకాల పట్టిక బాపు. ఇంకోసారి ఒత్తి చూడు."

"ఒత్తిన. ఏందో అడుగుతాంది. ఇంగిలీసుల ఉన్నది. నాకేమెరుక?"

మీరున్న ఊరికి ఇంకా వారం ఉంది, నేను మళ్లీ చెప్తాను అని అప్పటికి ఆయనను ఊరుకోబెట్టాను. కానీ ఫోన్లు ఆగలేదు. ఒకాయనకు ఫైలు అసలు తెరుచుకోలేదు. ఇంకొకాయనకు తెరుచుకుంది గానీ తెలుగు బదులు పిచ్చి గీతలు, ఆశ్చర్యార్థకాలు కనబడ్డాయట. మా ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్నది పాత తెలుగు ఫాంటు. అది లేని ఫోన్లలో మా అక్షరాలన్నీ చెత్తగా మారిపోతాయి. మూడో ఆయన ఫోన్లో ఊళ్ల పేర్లు మాత్రం కనబడి, తారీఖులు పక్కకు పోయాయి. పది నిలువు వరుసల పట్టిక అరచేతిలో ఎట్లా పడుతుంది! ఆయన అందాజాగా ఒక రోజు అనుకుని, ఎండలో మందను తోలుకుపోయి, ఎవరూ లేక వెనక్కి తిరిగొచ్చాడు. నన్ను తిట్టలేదు. "మల్ల ఎప్పుడు రావాల్నో జర నోటితోని చెప్పుండ్రి మేడం" అన్నాడంతే. ఆ మాటకే నాకు ఎక్కువ సిగ్గేసింది.

మొదటి శిబిరానికి వెళ్లిన డాక్టర్ మేడం మధ్యాహ్నమే తిరిగొచ్చారు. ఐసు పెట్టెలో టీకా సీసాలు అట్లాగే ఉన్నాయి. ఒకసారి కలిపిన మందు అదేరోజు వాడెయ్యాలి, లేకపోతే పారబోయాల్సిందే. ఆమె కుర్చీలో కూలబడి, "టీకా ఉంది, గొర్రెలున్నాయి. మధ్యలో ఏం తెగింది?" అన్నారు.

నేను నా ఫోన్ ఇచ్చి, అందులో ఆ ఫైలు ఎట్లా కనబడుతోందో చూపించాను. ఆమె వేలితో పక్కకు జరుపుతూ, మళ్లీ వెనక్కి జరుపుతూ చూశారు.

"నాకే తల తిరుగుతోంది. వాళ్లకు ఏదైనా పంపితే వెంటనే చూస్తారా?"

"ఫోటోలు చూస్తారు మేడం. గొర్రెకు పుండైతే ఫోటో తీసి మనకు పంపుతారు కదా."

"అయితే దీన్ని ఫోటో చేసి పంపు."

చెప్పినంత తేలిక కాలేదు. మొదట కంప్యూటర్ తెర మీద కనిపించినదాన్ని కనిపించినట్టు పట్టి పంపుదామనుకున్నాను. పట్టిక సగమే వచ్చింది. మొత్తం పట్టేలా చిన్నది చేస్తే అక్షరాలు చీమల బారులా కనబడ్డాయి. ఆ ఫోటోను నాకు నేనే పంపుకుని చూసుకుంటే, గ్రూపులోకి పోయేసరికి ఇంకా మసకబారి ఒట్టి బూడిద రంగు మిగిలింది. ఫోన్లో రెండు వేళ్లతో పెద్దది చేస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

చివరికి ఎవరు చదవాలో వాళ్లను కళ్ల ముందు పెట్టుకున్నాను. బాపు బళ్లోకి వెళ్లింది కొద్ది రోజులే. కూడబలుక్కుని చదువుతాడు. కళ్లద్దాలు లేవు, ఫోన్ అద్దం మీద పగులు. ఎండలో, చేతిలో కర్ర పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ ఎత్తిపట్టి చూస్తాడు. అట్లాంటి మనిషికి వరుస సంఖ్య ఎందుకు? ఎన్ని డోసులు, ఏ సిబ్బంది, ఏ కోడు అన్నవి ఎందుకు? అవన్నీ తీసేశాను. ఊరు, రోజు, జాగా, ఈ మూడే ఉంచాను. ఊళ్లన్నీ ఒకే పట్టికలో కుక్కకుండా ఒక్కో మండలానికి ఒక్కో చిన్న పట్టిక చేశాను. తారీఖుతో పాటు వారం పేరు రాశాను, మావాళ్లు వారాలతోనే లెక్క పెట్టుకుంటారు. జాగా దగ్గర 'పంచాయతీ ఆవరణ' అని ఉన్నదాన్ని 'నీళ్ల ట్యాంకు కింద' అని మార్చాను. పై వరుసకు పసుపు రంగు వేశాను. ఆ గడులను ఎంచుకుని, బొమ్మగా అతికించి, ఫోటోగా దాచాను. పాత ఫాంటు అయినా ఇబ్బంది లేదు, బొమ్మలో అక్షరం రాసిన అక్షరంగానే ఉంటుంది.

పైఆఫీసుకు మాత్రం అన్ని వరుసలున్న ఫైలే వెళ్లాలి. ఆ సంగతి అడిగితే మేడం నవ్వి, "పైకి ఫైలు, కిందికి ఫోటో" అన్నారు. అప్పటి నుంచి మా ఆఫీసులో అదే పద్ధతి అయింది.

ఫోటోలు పంపాక తేడా వెంటనే కనబడింది. 'ఎప్పుడు' అని అడిగే ఫోన్లు తగ్గిపోయాయి. తర్వాతి శిబిరం నుంచి మేడం సాయంత్రం దాకా రాలేదు. వచ్చేసరికి ఐసు పెట్టె ఖాళీ, చీర కుచ్చిళ్ల నిండా దుమ్ము, మొహం మాత్రం తేటగా ఉంది. కాపరులు ఆ ఫోటోను ఒకరికొకరు పంపుకున్నారు. హాలియాలో పశువుల మందుల దుకాణం నడిపే ఒక పెద్దమనిషి దాన్ని రంగుల్లో అచ్చు తీయించి గోడకు అంటించాడని తెలిసింది.

బాపు కూడా ఫోన్ చేశాడు. "ఇప్పుడు మంచిగ కనవడ్తాంది బిడ్డా. పచ్చటి గీత కింద మా జాగ ఉన్నది. శనివారం, కాలువ కట్ట కాడ. గంతే గదా?"

"గంతే బాపు. మర్చిపోకు."

"ఫోన్ల ఉన్నదాయె, ఎట్ల మరుస్త?"

ఆ తర్వాతే అసలు చిక్కు వచ్చి పడింది. కాలువ కట్ట దగ్గరి ఊరికి పోయే తోవలో కల్వర్టు పని మొదలుపెట్టి రోడ్డు తవ్వేశారు. మా బండి పోలేదు. ఆ వైపుకు రావాల్సిన టీకాలు కూడా అనుకున్నదానికంటే ముందే వచ్చాయి. అందుకని ఆ చుట్టుపక్కల శిబిరాన్ని శనివారం నుంచి గురువారానికి జరిపారు. జాగా కూడా మారింది, హాలియా బయట మూతబడ్డ ఒక రైస్‌మిల్లు ఆవరణలో పెట్టారు. మేడం నాకు ఆ మాట చెప్పినప్పుడు అప్పటికే మంగళవారం. అదేరోజు ఇంకో వార్త కూడా వచ్చింది. హాలియాకు కొద్ది దూరంలో ఒక మందలో గొర్రెలకు ముక్కులు కారుతున్నాయట, పారుడు రోగమేమోనని అనుమానం.

వెంటనే బాపుకు ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. ఆయనతో ఉన్నవాళ్లకు చేస్తే అవి కూడా పలకలేదు. చేలల్లో తిరిగేవాళ్లకు చార్జింగు ఎప్పుడు దొరికితే అప్పుడే ఫోను. అమ్మకు చేస్తే, "నిన్న మొన్నటి సంది నాతోని గూడ మాట్లాడలె. చార్జింగు అయిపోయుంటది, ఫికర్ చెయ్యకు" అంది. ఫికర్ చెయ్యకు అంటున్న ఆమె గొంతులోనే ఫికర్ ఉంది. ముక్కులు కారుతున్న మంద గురించి నేను ఆమెకు చెప్పలేదు.

పట్టికలో రెండు గడులు మార్చడం ఎంతసేపు! నిమిషంలో మార్చాను. కానీ ఊరూరా చేతుల్లో ఉన్నది ఫోటో. దాన్ని నేను ఇక్కడి నుంచి దిద్దలేను, వెనక్కి పిలవలేను. కొత్త ఫోటో పంపినా రెండూ ఒకేలా ఉంటాయి, ఏది పాతదో ఏది కొత్తదో ఎవరికి తెలుస్తుంది? పై వరుస రంగు మారుద్దామని మేడంతో అన్నాను.

"ఆకుపచ్చ వెయ్యి. పాతది పసుపు, కొత్తది ఆకుపచ్చ అని చెప్పొచ్చు."

ఆకుపచ్చ వేసి, పంపబోయి ఆగాను. మా ఇంట్లో పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. బాపు మొన్న ఫోన్లో పసుపు వరుసనే 'పచ్చటి గీత' అన్నాడు. పచ్చది చూడండి అంటే కాపరులు ఏది చూస్తారు? ఆ మాట మేడంతో అంటే ఆమె ఒక్క క్షణం నావైపు చూసి నుదురు కొట్టుకున్నారు. "నిజమే. ఎరుపు వెయ్యి, ఎరుపుకు ఇంకో అర్థం లేదు."

పై వరుసకు ఎరుపు వేశాను. గురువారం అన్నది మిగతా అక్షరాలకంటే పెద్దగా పెట్టాను. అది చాలదనిపించి పాత పసుపు ఫోటో మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రటి ఇంటూ గీత కొట్టి, దాన్నీ ఒక ఫోటోగా చేశాను. రెండూ కలిపి పంపాను. కింద ఒక మాట కూడా రాశాను: 'పచ్చ ఫోటో రద్దు. ఎర్ర ఫోటోనే చూడండి.'

పంపి ఊపిరి పీల్చుకునేలోపే గ్రూపులో ఎవరో ఆ పాత పసుపు ఫోటోనే మళ్లీ పెట్టి, 'అందరికీ తెలియజేయగలరు' అని రాశారు. ఏ దూరపు ఊరి నుంచో తిరిగి తిరిగి ఆయన దాకా ఇప్పుడే వచ్చినట్టుంది. మంచి మనసుతో చేసిన పనే. నాకు మాత్రం ఫోన్ గోడకు విసిరికొట్టాలనిపించింది.

హాలియా మందుల దుకాణం పెద్దమనిషి గుర్తొచ్చి ఫోన్ చేశాను. శిబిరం మారిందనీ, బాపు ఫోన్ పలకడం లేదనీ చెప్పాను.

"గంతేనా అమ్మా? గోడకున్న పచ్చది ఇప్పుడే చింపేస్త. ఎర్రది అంటిస్త. మందులకొచ్చిన రైతులందరికి ఫోన్లల్ల ఏస్త. మీ నాయిన మంద ఎవరి చేన్ల ఉన్నదో ఎరుకనా?"

"ఎరుక లేదు సేటూ. కాలువకు ఈ దిక్కే అని చెప్పిండు."

"రైతు చేన్ల మంద పెట్టినంక రైతుకైతే ఎరుకైతది గదా. ఆ దిక్కున్న నాకెరుకైనోళ్లందరికి చెప్త. నువ్వు ఏడువకు."

నేను ఏడవడం లేదు. రెండు ఫోటోలూ ఆయనకు విడిగా పంపాను.

బుధవారమంతా బాపు ఫోన్ మోగలేదు. సాయంత్రం మేడం ఇంటికి బయలుదేరుతూ నా దగ్గర ఆగి, "రేపు నువ్వూ హాలియా రా. టీకా వేసిన గొర్రెల వివరాలు రాసే మనిషి కావాలి" అన్నారు. ఆ పనికి ఎప్పుడూ ఇంకొకరు వెళ్తారు. ఆమె ఎందుకు రమ్మన్నారో నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

గురువారం పొద్దెక్కకముందే మిల్లు దగ్గరికి చేరాం. అప్పటికే ఒక మంద వచ్చి గోడ నీడన నిలబడి ఉంది. కాసేపటికి ఇంకొకటి, ఆ వెనకే మరొకటి. తోవ పొడుగునా దుమ్ము లేచింది. వాళ్లలో కొందరు ఫోన్ తీసి ఎర్ర ఫోటో చూపించి మరీ, "గిదే జాగ గదా మేడం?" అని అడిగారు. అవునని చెప్తున్నాను, రాస్తున్నాను, ప్రతి మంద వెనక ఉన్న మనిషి మొహం చూస్తున్నాను. గొర్రెను ఒడిసిపట్టుకోవడం, సూది వెయ్యడం, చెవి దగ్గర రంగు పూసి వదలడం, పని ఆగకుండా సాగుతోంది. బాపు మాత్రం రాలేదు.

ఎండ ముదిరింది. కొత్త మందలు రావడం తగ్గింది. మేడం టీకా సీసాలు చూసుకుని, "ఇంకా మందుంది, కూర్చుందాం" అన్నారు, నన్ను చూడకుండానే. నేను గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. రోడ్డు మీద ట్రాక్టర్లు, ఆటోలు. ఒక బస్సు పోయింది. ఆ బస్సు లేపిన దుమ్ములోంచి మొదట గంట చప్పుడు వినబడింది. తర్వాత గొర్రెలు కనబడ్డాయి. ముందు నడుస్తున్న బొల్లి పొట్టేలు మాదే. దాని వెనకాల తలకు తువ్వాల చుట్టుకుని, గబగబా అడుగులేస్తూ మా బాపు.

నేను పరుగెత్తలేదు. గేటు పట్టుకుని నిలబడ్డాను. ఆయనే దగ్గరికొచ్చి, "నువ్వేంది బిడ్డా గీడున్నవు?" అన్నాడు.

"ఫోన్ ఏమైంది బాపూ!"

"నీళ్లల్ల వడ్డది. ఎండవెట్టినం, లేస్తలేదు. తోటోళ్ల ఫోన్లల్ల చార్జింగు లేదాయె. నీకేమైంది, గట్ల చూస్తున్నవు?"

ఆయన శనివారం అనుకునే ఉన్నాడట. పొద్దున మంద పెట్టిన చేను రైతు వచ్చి, "నీ గొర్లకు ఇయ్యాలనే సూది, హాలియా కాడ" అంటే బాపు ఒప్పుకోలేదు. శనివారమని తన కళ్లతో చూశానని వాదించాడట. అప్పుడా రైతు తన ఫోన్లో ఇంటూ గీత కొట్టిన పచ్చ ఫోటో చూపించాడు.

"గది జూడంగనే తెలిసిపాయె. కొట్టేసిండ్రంటే కొట్టేసినట్టే గదా. ఎంటనే తోలుకొచ్చిన. ఎవరు చేసిండ్రో గని మంచి పని చేసిండ్రు."

"నేనే చేసిన బాపు. పచ్చది, ఎర్రది, రెండూ."

ఆయన నన్ను, నా చేతిలోని కాగితాలను, లోపల సూది పట్టుకుని నిలబడ్డ మేడంను చూశాడు. మెచ్చుకుంటాడనుకున్నాను.

"అయితే అక్షరం ఇంకింత పెద్దగ చెయ్యి. నా అసుమంటోళ్లు శానమంది ఉన్నరు" అన్నాడు.

నవ్వు ఆగలేదు. మేడం కూడా లోపల్నుంచే నవ్వారు. మా గొర్రెలన్నిటికీ టీకా పడింది. పొట్టేలును నేనే పట్టుకున్నాను, చిన్నప్పటి అలవాటు చేతులకు ఇంకా ఉంది. బాపు వెనకాలే వచ్చిన ఆయన తోటివాళ్ల మందలకు కూడా వేసి, పెట్టె ఖాళీ చేశాకే మేడం లేచారు.

తర్వాతి సంగతి కూడా చెప్పాలి. ముక్కులు కారిన ఆ మందకు వచ్చింది పారుడు రోగం కాదని, ఒట్టి జలుబేనని కొన్నాళ్లకు తేలింది. తొలకరికి బాపు ఒక్క గొర్రె పోకుండా ఇంటికి చేరాడు. ఆ పట్టికల్లో అక్షరాలు ఇంకింత పెద్దవి చేశాను. ఇప్పుడు నేను వేరే ఆఫీసులో ఉన్నా, ఏ పట్టిక ఊళ్లకు వెళ్లాలన్నా ముందు దాన్ని ఫోటో చేసి, నా ఫోన్లో తెరిచి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూస్తాను. కనబడితేనే పంపుతాను.

ఆ రోజు బాపూ నేనూ మిల్లు గోడ నీడన కూర్చుని ఆయన సద్ది మూటలోని జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు తిన్నాం. అమ్మకు నా ఫోన్ నుంచే కలిపిచ్చాను. "ఆ, మంచిగనే ఉన్న. సూదులైనయి. బిడ్డ ఈడనే ఉన్నది" అని ఆయన గట్టిగా చెప్తుంటే, అటువైపు ఆమె ముక్కు చీదుకోవడం నాకు వినిపించింది.

మేడం బండి ఇంకో ఊరికి పోవాల్సి ఉండి, నేను హాలియాలో బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. నిద్రపోకూడదనుకుంటూనే నిద్రపోయాను. కండక్టరు భుజం తట్టి లేపేసరికి బస్సు నల్గొండలో నేను దిగాల్సిన క్లాక్ టవర్ దాటుతోంది.

"దిగుతవా అమ్మా, డిపోకొస్తవా?" అన్నాడు.